కాలికట్ జాబితా

ఆళ్ళగడ్డ,
19-8-1979

మా లూదియక్కకు సలోమి వందనాలు.

ఇల్లు చేరి పది రోజులయినా జాబు రాయలేదని కోపం పెట్టుకోకు. వచ్చిన రోజు నుంచి ఇంటికి మనుషులు వస్తూనే ఉన్నారు. రాష్ట్రం జట్టుకు ఆడి వచ్చానని సంతోషపడేవాళ్ళు కొందరు. మోకాళ్ళు కనబడే నిక్కరు వేసుకుని పరాయి ఊళ్ళో వేలమంది ముందర గెంతానట, నిజమేనా అని అడగడానికి వచ్చేవాళ్ళు కొందరు. నాయన అందరికీ ఒకటే జవాబు చెప్తున్నాడు. "ఆరు ఆటలాడి రెండే గోల్స్ ఇడిసింది మా పాప. నిక్కరు సంగతి నేను అడగల్యా."

నీకు ఒక సంగతి చెప్పాలి. చెప్పడానికి అప్పుడు మొహం చెల్లలేదు. పోటీల చివరి రోజు మన జట్టు మేనేజరు ఉమామహేశ్వరమ్మ గారు నన్ను పక్కకు పిలిచారు. జనవరిలో కాలికట్‌లో ఆసియా దేశాల ఆడవాళ్ళ ఫుట్‌బాల్ పోటీలు జరుగుతాయట. దేశం తరఫున ఆడేవాళ్ళను ఏరడానికి దానికి ముందు రెండు నెలలు శిబిరం పెడతారట. మన రాష్ట్రం నుంచి ఒకే ఒక గోల్‌కీపర్‌ను పంపమన్నారని, పేరు రాసి పంపేది తానేనని, నా పేరు రాయాలని ఉందని చెప్పారు. కాగితం మీ స్కూలుకే వస్తుందట. అక్కా, నాకు బంతి పట్టడం నేర్పింది నువ్వు. నువ్వు పక్కన బెంచీ మీద కూర్చుని నేను లోపల నిలబడ్డప్పుడే నాకు తప్పు చేస్తున్నట్టు ఉండేది. ఆమె మనసు మార్చుకుని నీ పేరు రాసినా నాకు సంతోషమే. ఈ మాట ఊరికే అనడం లేదు.

ఇంకో సంగతి. బాలమ్మత్త సంబంధం ఒకటి పట్టుకొచ్చింది. ఆయన పేరు జకరయ్య, నంద్యాల నుంచి అహోబిలం పోయే బస్సులో కండక్టరు. మంచివాడే అంటున్నారు. నాయన మాత్రం అత్త మొహం మీదే చెప్పేశాడు. "ఆ కాలికట్ సంగతి తేలేదాకా ఈ ఇంట్లో పెండ్లి మాట ఎత్తొద్దు. తేలినాక పాప ఏమంటే అదే." అత్త అలిగి అన్నం తినకుండా పోయింది. రెండు నెలలు నేను లేకపోతే ఇంట్లో వంటెవరు చేస్తారని అడిగితే, మీ అమ్మ పోయిన ఏడు నేనే కదా వండింది, అప్పుడేమన్నా చచ్చినామా అన్నాడు.

సాయంత్రం స్కూలు వదిలి పిల్లలు వెళ్ళిపోయాక నాయనే నాకు బంతి తన్నుతున్నాడు. పంచె పైకి ఎగగట్టి, చెప్పులు పక్కన విడిచి, స్కూలు గోడకు నన్ను నిలబెట్టి తంతాడు. సగం బంతులు ముళ్ళకంపలో పడతాయి. అవి తెచ్చుకోవడంతోనే నాకు కావలసినంత పరుగు అవుతోంది. చూసేవాళ్ళు నవ్వుతారు. నాయన పట్టించుకోడు.

కాగితం వచ్చిన రోజే నాకు కబురు పెట్టు.

నీ చెల్లెలు,
సలోమి


నంద్యాల,
2-9-1979

చెల్లెలు సలోమికి,

నీ జాబు చదివి నవ్వుకున్నాను. చిన్నాయన బంతి తన్నడం నేను చూడాల్సిందే. ముళ్ళకంపలోకి పోకుండా ఉండాలంటే బొటనవేలితో కాకుండా పాదం పక్కతో తన్నమని చెప్పు. బళ్ళో అయ్యవారు కాబట్టి పాఠం చెప్తే వింటాడు.

నువ్వు బంతి కోసం కుడి పక్కకు బాగా పడతావు. ఎడమ పక్కకు పడేటప్పుడు చెయ్యి ముందుగా నేలకు ఆనుతోంది. అది మానకపోతే మణికట్టు పోతుంది. కాలికట్‌లో వేరే దేశాల వాళ్ళు ఒక్క ఆట చూస్తే చాలు, ఎడమ పక్కకే కొడతారు. రోజూ యాభైసార్లు ఎడమ పక్కకు పడు. ఇసుక పోయించుకో.

చెప్పడానికి మొహం చెల్లలేదని రాశావు. అందులో మొహమాటం ఏముంది. ఆటలో ఎవరు బంతి బాగా పడతారో వాళ్ళే నిలబడాలి. నాకు వచ్చే నెలకు ఇరవై ఏడు నిండుతాయి. ఇంకో ఏడాది రెండేళ్ళు, అంతే. తర్వాత ఈ స్కూలు పిల్లలకు డ్రిల్లు చేయించుకుంటూ ఉండటమే. నువ్వు పోతే నేను పోయినట్టే.

దసరా సెలవుల తర్వాత ఉమామహేశ్వరమ్మ గారు కర్నూలు పోతూ ఇక్కడ దిగుతానన్నారు. ఏ సంగతైనా తెలిసిన రోజే రాస్తాను.

నీ అక్క,
లూదియా


నంద్యాల,
28-10-1979

సలోమికి,

మేనేజరు గారు మొన్న వచ్చి వెళ్ళారు. జాబితా ఖాయం చేసి పంపించారు. అందులో నీ పేరు లేదు. గోల్‌కీపర్‌గా నా పేరు రాశారు.

పైవాళ్ళు అనుభవం ఉన్నవాళ్ళను అడిగి ఉండవచ్చు. నాకు పూర్తిగా తెలియదు. నువ్వు చిన్నదానివి, నీకు ఇంకా ఏళ్ళున్నాయి. చిన్నాయనకు నువ్వే నెమ్మదిగా చెప్పు.

నవంబరు పదో తేదీకి శిబిరంలో ఉండాలి. సర్దుకునే పని చాలా ఉంది. బయలుదేరే లోపు ఆళ్ళగడ్డ వచ్చే వీలు కుదరదు.

లూదియా


ఆళ్ళగడ్డ,
4-11-1979

అక్కా,

నీ జాబు అందింది. ఏడవలేదంటే అబద్ధమే. వాకిట్లో నిలబడి చదివి, లోపలికి పోయి ఏడ్చి, మొహం కడుక్కుని నాయనకు చెప్పాను. నాయన జాబు తీసుకుని తానూ ఒకసారి చదివాడు. తర్వాత, "లూదియాకు వచ్చింది గదా, మనింటికే వచ్చినట్ల" అన్నాడు. ఆ సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక అలవాటుగా పంచె ఎగగట్టాడు. అంతలో గుర్తొచ్చినట్టుంది, మళ్ళీ దించుకుని లోపలికి వచ్చేశాడు.

నీ మీద నాకు ఏ కోపమూ లేదు. పొట్టిగా రాశావు. నేను బాధపడతానని నువ్వు భయపడుతున్నావని నాకు తెలుస్తోంది. అలా భయపడకు. ఈ జాబుతో పాటు ఒక మూట పంపుతున్నాను. నాయన నా కోసం కుట్టించిన చేతితొడుగులు. లోపల మెత్తని తోలు, వేళ్ళ దగ్గర రబ్బరు. నా చేతికి కుట్టించినవి కాబట్టి నీకు కొంచెం బిగువుగా ఉంటాయి. నీళ్ళలో తడిపి వేసుకుంటే సాగుతాయి. కాలికట్‌లో అవి వేసుకుని నిలబడు.

బాలమ్మత్త మళ్ళీ వచ్చింది. కాలికట్ సంగతి తేలిపోయింది కదా అంది. నాయన నా వైపు చూశాడు. నాకు వద్దనడానికి కారణం ఏదీ కనబడలేదు. జనవరి ఆఖరి వారంలో పెళ్ళి. అప్పటికి మీ పోటీలు అయిపోతాయి. నువ్వు నా పక్కన నిలబడాలి. అమ్మ లేని చోట నువ్వే.

సలోమి


కాలికట్,
13-1-1980

సలోమికి,

క్షేమం. మన దేశం నుంచి రెండు జట్లను దించారు. నన్ను ఒకదానిలో ఉంచారు. ఆట మొదలు కావడానికి రెండు గంటల ముందే జనం నిండిపోతున్నారు. ఆడవాళ్ళు చంటిపిల్లలను ఎత్తుకుని వచ్చి కూర్చుంటారు. ఇక్కడ మన నిక్కర్ల సంగతి ఎవరూ అడగరు. బంతి ఎవరి కాలి దగ్గర ఉందో దాన్ని గురించే అరుస్తారు. వేరే దేశాల అమ్మాయిలు ఆట అయ్యాక మన దగ్గరికి వచ్చి చేతులు కలుపుతారు. ఒకరి భాష ఒకరికి తెలియదు. దెబ్బలు తగిలిన చోట్లు చూపించుకుని నవ్వుకుంటాం.

చేతితొడుగులు భద్రంగా ఉన్నాయి.

పెళ్ళికి రావడం గురించి ఇప్పుడే చెప్పలేను.

లూదియా


ఆళ్ళగడ్డ,
24-2-1980

అక్కా,

నీ ఒంట్లో ఎలా ఉంది? పెళ్ళికి ముందు రోజు జ్వరమని కబురు వచ్చినప్పుడు నాయన నంద్యాల బస్సెక్కబోయాడు. పెళ్ళి పెట్టుకుని ఎక్కడికని అందరూ ఆపారు. నీ కోసం తెచ్చిన చీర ఇక్కడే ఉంది.

నా అత్తవారిల్లు మా ఇంటికి రెండు వీధుల అవతలే. మా అత్త రాములమ్మ కొంచెం మాట కటువు, చెయ్యి మెత్తన. ఆయన మంచివారు. నీ సంగతి మా ఆయనకు ఎంత గొప్పో నీకు తెలియదు. మన జట్టు ఒకటి ఫైనల్ దాకా పోయి ఓడిపోయిందని పేపర్లో వచ్చిన రోజు, శిబిరం పిల్లలందరి ఫోటో ఒకటి వేశారు. వెనుక వరుసలో చివర నువ్వు. ఆ కాగితం మడిచి టికెట్ల సంచిలో పెట్టుకున్నారు. నంద్యాలలో బస్సెక్కినవాళ్ళకు శిరివెళ్ళ దాటేలోపు చూపించేస్తారు. "ఈమె మా వదిన. దేశానికి ఆడిన మనిషి" అంటారు. అహోబిలం పోయే భక్తులు కూడా చూసి పోతున్నారు.

నువ్వు ఎన్ని ఆటల్లో నిలబడ్డావో రాయలేదు. నాయన రోజూ అడుగుతున్నాడు. ఎడమ పక్కకు ఎన్ని వచ్చాయి, ఎన్ని పట్టావు, అంతా రాయి.

ఒక విషయం నిన్ను అడగకుండా ఒప్పుకున్నాను. మార్చి ఇరవై మూడో తేదీ ఆదివారం, ఆరాధన అయ్యాక మన సంఘం స్త్రీల సమాజం వాళ్ళు నిన్ను సన్మానిస్తారట. శాలువా తెప్పించారు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలను పిలుస్తున్నారు. నిన్ను గురించి నాలుగు మాటలు చెప్పమని నన్నడిగారు. ఏం చెప్పాలో రాసుకుని పెట్టుకున్నాను. రెండు పేజీలు వచ్చింది.

నాలుగైదు రోజుల నుంచి నాకు పొద్దున లేస్తే వాంతులు. ఇంకా ఎవరికీ చెప్పలేదు. నీకే మొదట చెప్తున్నాను.

సలోమి


నంద్యాల,
16-3-1980

సలోమీ,

ఈ జాబును ఎవరి ముందూ చదవకు.

ఇరవై మూడో తేదీన నేను రావడం లేదు. నాకు శాలువా కప్పనివ్వకు. నువ్వు రాసుకున్న రెండు పేజీలు ఎవరికీ చదివి వినిపించకు. ఎందుకో చెప్తాను. నెలన్నర నుంచి ఈ జాబు మొదలుపెట్టడం, చించడం చేస్తున్నాను.

అక్టోబరులో ఉమామహేశ్వరమ్మ గారు వచ్చిన రోజు సంగతి నీకు సగమే రాశాను. సాయంత్రం స్కూలు వదిలాక ఇద్దరం వరండాలో కూర్చున్నాం. ఆమె సంచిలోంచి కాగితం తీసి నాకు చూపించింది. గోల్‌కీపర్ అన్న చోట నీ పేరు టైపు కొట్టి ఉంది. మీ చెల్లెలికి నువ్వే చెప్పు, సంతోషపడుతుంది అంది. నేను సరే అన్నాను. నవ్వాను కూడా. తర్వాత ఆమె టీ తాగుతూ, పోయిన శిబిరంలో ఇద్దరు పిల్లలు పెళ్ళని చెప్పి మధ్యలో వెళ్ళిపోయారని, దానికి తాను మాట పడాల్సి వచ్చిందని చెప్పింది. "సలోమికి అట్లాంటిదేమీ లేదు కదా?" అని అడిగింది.

చిన్నాయన మీ అత్తతో అన్న మాట నువ్వు రాసిన జాబులో ఉంది. ఆ జాబు నా పెట్టెలో ఉంది. లేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను, "క్రిస్మస్ అయినాక పెండ్లి మేడం. మాట అయిపోయింది" అన్నాను.

నోరు జారిందని రాయాలని చాలాసార్లు అనుకున్నాను. జారలేదు. ఆమె అడగడానికీ నేను చెప్పడానికీ మధ్య ఒక పిల్ల గంట కొట్టే సుత్తిని ఆఫీసు గదిలో పెట్టి, నాకు నమస్కారం చేసి వెళ్ళింది. అంతసేపు ఆలోచించుకుని చెప్పాను.

ఆమె అప్పుడు కూడా నీ పేరు కొట్టేయలేదు. "మంచి పిల్ల. వాళ్ళ నాయనకు ఒక జాబు రాస్తా. రెండు నెలలు ఆగమంటే ఆగుతారేమో" అంది. అప్పుడైనా నేను ఊరుకుని ఉంటే చిన్నాయన నిజం రాసేవాడు, నా అబద్ధం బయటపడి ఉండేది. అది తెలిసే నేను రెండో మాట అన్నాను.

"రాయొద్దు మేడం. ఆయనకు ఆడపిల్ల నిక్కరేసుకునేదే గిట్టదు. జాబు చూస్తే పాపను కొడతాడు."

కొడతాడు అన్నాను, సలోమీ. నీ కోసం పంచె ఎగగట్టి ముళ్ళకంపలో బంతి ఏరుకునే మనిషిని. నాకు ఏడేళ్ళప్పుడు అమ్మా నాన్నా ఒకే ఏడు పోతే, బండి ఆత్మకూరు నుంచి నన్ను తెచ్చుకుని, నీకు కలిపిన ముద్దలో నాకు సగం పెట్టి, హాస్టల్లో చేర్చిన మనిషిని. ఆమె అయ్యో అంది. పెన్ను తీసి నీ పేరు కొట్టేసి, పక్కన నా పేరు రాసింది. నేను చూస్తూ కూర్చున్నాను.

నేను చెప్పిన అబద్ధాన్ని మీ ఇంట్లో నిజం చేసుకున్నారు. కాలికట్ సంగతి నా వల్ల తేలిపోయింది కాబట్టే పెళ్ళి అయింది. నీ పెళ్ళినాడు నాకు జ్వరం లేదు. గది తలుపు వేసుకుని కూర్చున్నాను.

కాలికట్‌లో ఎన్ని ఆటల్లో నిలబడ్డానని అడిగావు. ఒక్క ఆటలోనూ నిలబడలేదు. ఒక్క నిమిషం కూడా లోపల అడుగు పెట్టలేదు. నాకంటే మంచివాళ్ళు ఇద్దరున్నారు. నేను బెంచీ చివర కూర్చుని బంతులు అందించాను. నువ్వయితే నిలబడేదానివేమో. అక్కడ కూర్చున్నన్ని రోజులూ నేను ఆట చూడలేదు. ఈ బంతి సలోమి పట్టేది, ఈ బంతి పట్టేది కాదు అని చూశాను. పట్టేవే ఎక్కువ.

నీ చేతితొడుగులు నేను ఒక్కసారి కూడా వేసుకోలేదు. వేరే మూటగా పంపుతున్నాను.

క్షమించమని అడగడానికి నాకు అర్హత లేదు. అందుకే అడగడం లేదు.

లూదియా


ఆళ్ళగడ్డ,
25-3-1980

నీ జాబు పద్దెనిమిదిన అందింది.

మొన్న ఆదివారం సమాజం వాళ్ళకు నీకు మళ్ళీ జ్వరమని చెప్పాను. నీ కోసం నేను కూడా అబద్ధం ఆడాను. శాలువా బీరువాలో పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు ముప్పైమందీ ఎదురుచూసి వెళ్ళిపోయారు.

మా ఆయనకు చెప్పలేదు. చెప్తే ఆ కాగితం సంచిలోంచి తీసేస్తారు. ఎందుకు తీశారని డ్రైవరు అడుగుతాడు. రెండు రోజుల్లో ఊరంతా తెలుస్తుంది. నీ మీద జాలితో కాదు, నాకే సిగ్గుగా ఉంది. చేసింది నువ్వయితే నాకు ఎందుకు సిగ్గో తెలియడం లేదు.

పెళ్ళి గురించి అంత రాశావు. నేను చేసుకున్న మనిషి మంచివాడు. ఆయన్ను నీ అబద్ధం లెక్కలో వేయకు. నువ్వు తీసుకున్నది కాలికట్ ఒక్కటే. అది చాలు.

నన్ను గురించి చెప్పింది నేను ఎప్పటికైనా మింగుతానేమో. నాయన కొడతాడని చెప్పింది మాత్రం మింగలేకుండా ఉన్నాను. నాయన ఇప్పటికీ ఏమనుకుంటున్నాడో తెలుసా? నీకు పేరు వచ్చి నాకు రాకపోవడానికి కారణం తానేనని. లూదియాకు నంద్యాలలో పెద్ద మైదానం, సరిగ్గా తన్నేవాళ్ళు ఉన్నారు, నా పాపకు నేను ఒకడినే దిక్కయినాను, తన్నడం రాకపాయె అని పక్కింటివాళ్ళతో చెప్తుంటే నా చెవులతో విన్నాను.

ఆయనకు నువ్వే చెప్పాలి. జాబులో కాదు, ఎదురుగా కూర్చుని. చెప్పేదాకా నాకు రాయకు.

సలోమి


నంద్యాల,
22-6-1980

సలోమీ,

రాయవద్దన్నావు. అయినా రాస్తున్నాను. ఈ మూడు నెలల్లో రెండుసార్లు బయలుదేరాను. ఒకసారి ఇక్కడి బస్టాండు దాకా పోయి మీ ఆయన బస్సు నిలబడి ఉండటం చూసి తిరిగి వచ్చేశాను. రెండోసారి వేరే బస్సెక్కి ఆళ్ళగడ్డలో దిగాను. స్కూలు సందు మొదట్లో నిలబడ్డాను. చిన్నాయన పిల్లలకు ఎక్కాలు చెప్పించడం వినబడుతోంది. పదమూడో ఎక్కం అయ్యేదాకా నిలబడి వచ్చేశాను.

సిగ్గు పడటం తేలికేనని నాకు ఇప్పుడు తెలుస్తోంది. తలుపు వేసుకుని ఎంతయినా పడవచ్చు. ఆ మనిషి ఎదుట కూర్చోవడమే చేతకావడం లేదు.

నీ ఒంట్లో ఎలా ఉందో అడిగే హక్కు లేదు. అడుగుతున్నాను.

లూదియా


నంద్యాల,
17-8-1980

సలోమీ,

నిన్న చిన్నాయనకు చెప్పాను.

నన్ను చూడగానే లేచి, కుర్చీ తెచ్చి వేసి, మజ్జిగ తెస్తానని లోపలికి పోబోయాడు. మజ్జిగ తాగితే నాకు నోరు రాదని తెలుసు. వద్దు చిన్నాయనా, ముందు కూర్చో అని మొదలుపెట్టాను. వరండాలో ఆమె అడిగిన మాట, నేను చెప్పిన మాట, ఆయన కొడతాడన్న మాట, ఏదీ వదలకుండా చెప్పాను. మధ్యలో ఆగిపోతే, "చెప్పు" అన్నాడు. కోపంగా కాదు. బళ్ళో పాఠం మధ్యలో ఆగిపోయిన పిల్లకు చెప్పినట్టు.

అంతా అయ్యాక కుడికాలు ముందుకు చాపుకుని దాని వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత అన్నాడు.

"పది నెలల్నించి ఈ కాలును తిట్టుకుంటాండా, లూదియా. నిద్రపట్టకపోతే దీన్నే తిట్టుకుంటాండా."

నేను ఆయన కాళ్ళ మీద పడ్డాను. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. లే, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు అన్నాడు. కాసేపయ్యాక, "నేను కొడతానని చెప్తివి గదా. ఆమె నమ్మిందా?" అని అడిగాడు. నమ్మిందని చెప్పాను. "నమ్ముతారులే. ఏ నాయనను గురించి చెప్పినా నమ్ముతారు. నీకు బాగా తెలిసే చెప్పినావు" అన్నాడు. ఇంతకంటే పెద్ద మాట ఆయన అనలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

వచ్చేటప్పుడు సందు చివరిదాకా వచ్చాడు. నా సంచి ఆయన చేతిలోనే ఉంది. బస్సు వచ్చాక ఇచ్చాడు. మళ్ళీ రమ్మనలేదు. రావద్దనీ అనలేదు.

పొద్దున ఉమామహేశ్వరమ్మ గారికి కూడా రాశాను. అప్పటికి సలోమికి పెళ్ళి కుదరలేదని, ఆమె తండ్రి ఊరంతా నవ్వినా బిడ్డకు తానే బంతి తన్నిన మనిషని, నేను చెప్పినవి రెండూ అబద్ధాలని రాసి, కింద నా పూర్తి పేరు పెట్టాను. ఇక రాష్ట్రం జట్టుకు నన్ను పిలవవద్దని కూడా రాశాను. అది త్యాగమని అనుకోకు. ఆ చొక్కా మళ్ళీ వేసుకోలేను.

లూదియా


ఆళ్ళగడ్డ,
26-4-1981

అక్కా,

నీకు ఎనిమిది నెలలుగా జవాబు రాయలేదు. నువ్వు నాయనకు చెప్పిన మర్నాడు ఆయన మా ఇంటికి వచ్చి, గడప మీద కూర్చుని, "లూదియా వచ్చి చెప్పింది" అన్నాడు. ఆ పూట అన్నం తినలేదు. మళ్ళీ ఆ మాట మా మధ్య రాలేదు. పక్కింటివాళ్ళతో కూడా ఇప్పుడు ఆ పాత మాట చెప్పడం మానేశాడు. అంతవరకు నువ్వు మంచి పని చేశావు. అప్పుడే ఆ సంగతి రాసి ఉండవచ్చు. చెయ్యి ఆడలేదు.

అక్టోబరులో ఆడపిల్ల పుట్టింది. నీకు కబురు పెట్టమని నాయన అన్నాడు. నేనే పెట్టలేదు.

ఈ సంగతి రాయడానికి కూర్చున్నాను. మార్చి నెలలో ఉమామహేశ్వరమ్మ గారి దగ్గరి నుంచి నాకు కాగితం వచ్చింది. జూన్‌లో హాంకాంగ్‌లో మళ్ళీ ఆసియా పోటీలు. కర్నూలులో ఎంపిక పెడుతున్నాం, నీ ఇష్టమైతే రా అని రాశారు. మా అత్త, "ఒళ్ళో పాలు తాగే పిల్ల, ఇదేం పిచ్చి" అంది. మా ఆయన మారు మాట్లాడకుండా రెండు రోజులు సెలవు పెట్టి పిల్లను ఎత్తుకున్నారు. దారిలో ఆయనకు అంతా చెప్పాను. నంద్యాల నుంచి కర్నూలు దాకా చెప్పాను. దిగేముందు టికెట్ల సంచిలోంచి ఆ ఫోటో కాగితం తీసి నా చేతిలో పెట్టి, "ఇది నువ్వే ఉంచుకో" అన్నారు.

మైదానంలో పదకొండుమంది గోల్‌కీపర్లం. ఎక్కువమంది నాకంటే చిన్నవాళ్ళు. ఆట మొదలయ్యేముందు మేనేజరు గారు నా దగ్గరికి వచ్చి, నీ మాట ఒకసారి నిన్నే అడిగి ఉండాల్సింది అన్నారు. ఆమె మొహం కూడా బాగాలేదు. పర్వాలేదు అన్నాను. నిజంగా పర్వాలేదని కాదు, ఇంకేమనాలో తెలియలేదు.

ఒక్కొక్కరికి పది బంతులు కొట్టారు. నాకు కొట్టిన పదింటిలో నాలుగు పట్టాను. ఒళ్ళు బరువెక్కింది. ఎడమ పక్కకు పడితే లేవడానికి నాకే విసుగు వచ్చేంతసేపు పట్టింది. ఐదో బంతికి చొక్కా పాలతో తడిసింది. పక్కన పిల్ల ఏడుస్తోంది, ఆయన ఎత్తుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. తొమ్మిదో బంతి ఒక్కటి మాత్రం అచ్చం అప్పటిలాగే పట్టాను. చూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. పదోది కాళ్ళ మధ్యలోంచి పోయింది.

సాయంత్రం పేర్లు చదివారు. నా పేరు లేదు.

వచ్చేటప్పుడు బస్సులో ఆయన నన్ను ఓదార్చాలని చూశారు. నాకు ఓదార్పు అక్కరలేదంటే నమ్మలేదు. నిజంగానే అక్కరలేదు అక్కా. ఏడాదిన్నర నుంచి నేను ఆడి ఉంటే, ఆడి ఉంటే అని రోజూ అనుకుంటూ ఉన్నాను. ఈసారి నన్ను నిలబెట్టారు, బంతులు కొట్టారు, ఆరు నా చేతిలోంచి పోయాయి. ఈసారి పేరు లేకపోవడానికి కారణం నేనే. ఇంటికి వచ్చి పిల్లకు పాలిచ్చి పడుకుంటే తెల్లవారేదాకా మెలకువ రాలేదు.

నిన్ను క్షమించానని రాయడం లేదు. రాయాలని వచ్చిన రోజు రాస్తాను, రాకపోతే రాయను. ఇప్పుడు ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఆ తొమ్మిదో బంతి సంగతి మా ఆయనకు చెప్పాను, నాయనకు చెప్పాను, మా అత్తకు కూడా చెప్పాను. అందరూ బాగుందన్నారు. అది ఎంత ఎత్తులో వచ్చింది, చివర్లో ఎలా తిరిగింది, నేను ఏ వేళ్ళతో ఆపాను అని ఒక్కరూ అడగలేదు. అడగడం తెలిసిన మనిషి నాకు లోకంలో ఒక్కతే ఉంది.

ఎడమ పక్కకు వచ్చింది. భుజం ఎత్తులో. చెయ్యి నేలకు ఆనకుండా పట్టాను.

సలోమి